ట్యాప్, డై సెట్ కొనే ముందు: కొత్త థ్రెడ్ కొయ్యాలా, పాడైనది బాగుచేయాలా?

బైకు ఆయిల్ డ్రెయిన్ బోల్టు తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు. గేటు బోల్టు సగం దాకా ఎక్కి ఆగిపోయింది. పంపు బేస్ ప్లేటుకు కొత్తగా నాలుగు హోల్స్ వేసి బోల్టులు ఎక్కించాలి. ఈ మూడు పనులకూ మనం హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి అడిగేది ఒకటే: "ట్యాప్ సెట్ ఉందా?" హోలు లోపల థ్రెడ్ (బోల్టు పట్టే మెలిక గాడి) కోసేది ట్యాప్, రాడ్డు బయట కోసేది డై. కావాల్సినవి మాత్రం మూడు వేరు వేరు వస్తువులు. మొదటి పనికి థ్రెడ్ ఇన్సర్ట్, అంటే పోయిన థ్రెడ్ స్థానంలో కూర్చునే కొత్త లోహపు థ్రెడ్, కావాలి. రెండోదానికి డై నట్టుతో (నట్టు ఆకారంలో ఉండే డై) శుభ్రం చేస్తే చాలు, లేదా కొత్త బోల్టు వేసేస్తే ఇంకా మంచిది. అసలైన ట్యాప్ సెట్ అవసరం మూడో పనికే.

నా సలహా ముందే చెప్పేస్తాను. ప్లాస్టిక్ పెట్టెలో నలభై ముక్కలు సర్ది అమ్మే పెద్ద సెట్టు కొనకండి. ఆ డబ్బుతో మీకు నిజంగా తగిలే రెండు మూడు సైజుల్లో మంచి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ట్యాపులు, వాటికి సరిపోయే డ్రిల్ బిట్లు, గట్టి ట్యాప్ హ్యాండిల్ ఒకటి తీసుకోండి. పెద్ద సెట్టులో సగం సైజులు మీ చేతికి ఎప్పటికీ రావు. వచ్చిన సైజు ట్యాపేమో హోలులోనే విరిగితే, అప్పటిదాకా బోల్టు మాత్రమే పోయిన పని కాస్తా మొత్తం పార్టు పోయే పని అవుతుంది.

ముందు థ్రెడ్ ఏదో తేల్చుకోండి

ఏ కంపెనీ, ఎంత ధర అన్నవి తర్వాత. మీ చేతిలోని బోల్టు థ్రెడ్ ఏదో తెలియకుండా ట్యాప్ కొనడమంటే డబ్బులు పారేసుకోవడమే. ఇందుకు వ్యాసం కొలిచే వెర్నియర్ ఒకటి, పిచ్ (ఒక చుట్టు నుంచి పక్క చుట్టుకు ఉన్న దూరం) చూసే పిచ్ గేజ్ ఒకటి ఉండాలి. ఈ రెండూ ట్యాపుల కంటే ముందు కొనాల్సినవి.

బోల్టు బయటి కొలత పేరులో ఉన్న అంకె కంటే కాస్త తక్కువే వస్తుంది. ఎం8 (అంటే 8 మి.మీ. మెట్రిక్) బోల్టును వెర్నియర్‌తో కొలిస్తే 7.8 నుంచి 7.9 మి.మీ. దాకా చూపిస్తుంది. చిక్కంతా ఇక్కడే. 5/16 అంగుళం బోల్టు అసలు కొలత 7.94 మి.మీ. వ్యాసం ఒక్కటే చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. పిచ్ చూస్తే గుట్టు బయటపడుతుంది. ఎం8 మామూలు పిచ్ 1.25 మి.మీ., 5/16 కోర్స్ థ్రెడ్‌కు అంగుళానికి 18 చుట్లు, అంటే దాదాపు 1.41 మి.మీ. పిచ్ గేజ్ లేకపోతే పది చుట్ల పొడవు కొలిచి పదితో భాగించండి. చుట్టు శిఖరం నుంచి పదో చుట్టు తర్వాతి శిఖరం దాకా కొలవాలి, లేకపోతే లెక్క ఒక చుట్టు తప్పుతుంది.

మెట్రిక్‌లోనే అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసే సైజు ఎం10. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ఎం10 బోల్టు పిచ్ 1.5. బైకు అద్దాల కాడకు చాలా మోడళ్లలో 1.25 ఉంటుంది. మన కమ్యూటర్ బైకుల్లో చాలావాటి స్పార్క్ ప్లగ్ ఎం10, పిచ్ 1.0. మూడూ ఎం10లే, ఒకదానిలోకి ఇంకొకటి వెళ్లదు. 1.25 హోలులోకి 1.5 ట్యాప్ పెడితే మొదటి చుట్టు బాగానే ఎక్కినట్టు ఉంటుంది, ఆ తర్వాత పాత థ్రెడ్డునూ కోసేస్తుంది, తనదీ నిలబడనివ్వదు. కాబట్టి షాపులో "టెన్ ఎంఎం ట్యాప్" అని అడక్కండి. "ఎం10, పిచ్ 1.25" అని రెండు అంకెలూ చెప్పండి.

అంగుళాల థ్రెడ్లు మన దగ్గర పూర్తిగా పోలేదు. పాత లేత్‌లు, పాత డీజిల్ ఇంజన్లు, కాస్ట్ ఐరన్ ఇంజన్ ఉన్న పాత బుల్లెట్లు, బ్రిటిష్ డిజైన్ నుంచి వచ్చిన మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు, వీటిలో ఇంకా తగులుతాయి. బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన థ్రెడ్డుకు కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో తెచ్చిన పద్ధతిలో 60 డిగ్రీలు, ఇప్పటి అంగుళాల థ్రెడ్లు యూఎన్‌సీ (కోర్స్, దూరం చుట్లది), యూఎన్‌ఎఫ్ (ఫైన్, దగ్గర చుట్లది) దాని వారసత్వమే. పావు అంగుళం, 5/16, 3/8 సైజుల్లో విట్‌వర్త్‌కూ యూఎన్‌సీకీ చుట్ల లెక్క ఒకటే కాబట్టి బోల్టు ఎలాగోలా ఎక్కేస్తుంది, కానీ కోణం తేడా వల్ల పట్టు సరిగా ఉండదు. అరంగుళంలో మాత్రం విట్‌వర్త్ 12, యూఎన్‌సీ 13. అక్కడ బలవంతం చేస్తే రెండు వైపులా థ్రెడ్లు పోతాయి.

ఎడమ థ్రెడ్ సంగతీ మర్చిపోకండి. సైకిల్ ఎడమ పెడల్‌ది ఎడమ థ్రెడ్. యమహా బైకుల్లో కుడి అద్దానికీ చాలాకాలంగా ఎడమ థ్రెడ్డే వస్తోంది. థ్రెడ్ స్లిప్ అయిందని మామూలు ట్యాప్ పెట్టి తిప్పారంటే, ఉన్న కాస్త థ్రెడ్డూ నున్నగా పోతుంది.

సెట్టులో మూడు ట్యాపులు ఎందుకు

చేతితో కొట్టే ట్యాపులు సెట్టుకు మూడు వస్తాయి. కానీ అన్ని సెట్లలోని మూడూ ఒకే రకం కాదు. షాపువాళ్లు కూడా చాలామంది ఈ తేడా చెప్పరు.

ఒక రకంలో మూడు ట్యాపులూ పూర్తి సైజే. తేడా అంతా ముందు భాగంలోని ఏటవాలులో ఉంటుంది. మొదటిదానికి ఏడెనిమిది చుట్లు ఏటవాలుగా ఉండి తేలిగ్గా దారి చూపిస్తుంది. రెండోదానికి మూడు నుంచి ఐదు చుట్లు. మూడోదానికి ఒకటి రెండు చుట్లే, అది హోలు అడుగుదాకా కోస్తుంది. ఈ రకంలో ఆరపార పోయే హోలుకు మొదటి ట్యాప్ పూర్తిగా దింపితే పని అయిపోయినట్టే.

ఇంకో రకం సీరియల్ ట్యాపులు. జర్మన్ ప్రమాణం డిన్ 352 పద్ధతిలో వచ్చే సెట్లు ఇవే. వీటిలో మొదటి ట్యాప్ సన్నది, రెండోది కాస్త లావు, మూడోది మాత్రమే పూర్తి సైజు. కాడ మీద చూడండి: ఒక గీత ఉంటే మొదటిది, రెండు గీతలుంటే రెండోది, గీత లేనిది చివరిది. పనిని ముగ్గురు పంచుకుంటారు కాబట్టి చేతికి బరువు తెలియదు, మందమైన ఉక్కులో ఇవి ఎంతో హాయి. కానీ మూడూ దింపి తీరాలి. మొదటి ట్యాప్ దింపి "థ్రెడ్ వచ్చేసింది" అనుకుని బోల్టు ఎక్కిస్తే రెండు చుట్లకే పట్టేస్తుంది. పాత థ్రెడ్ శుభ్రం చేయడానికి ఒక్క ట్యాపే కావాలనుకుంటే ఈ సెట్టులో పనికొచ్చేది గీత లేని మూడోదే.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు, ఇంట్లో అప్పుడప్పుడు వాడుకునేవాళ్లకు నేను సీరియల్ సెట్టే తీసుకోమంటాను. నిదానమే గానీ విరిగే అవకాశం తక్కువ.

మెషిన్ ట్యాపులు ఎవరికి

డ్రిల్లింగ్ మెషిన్‌కు బిగించి ట్యాప్ కొట్టేవాళ్లకు లెక్క మారుతుంది. ఇక్కడ చూడాల్సింది రజను (కోసిన లోహపు తునకలు) ఎటు పోతుందన్నది. గన్ ట్యాప్, అంటే ముక్కు దగ్గర ఏటవాలు గాడి ఉన్నది, రజనును ముందుకు తోస్తుంది. ఆరపార హోలుకు దీన్ని మించింది లేదు. అడుగు మూసుకున్న హోలులో ఇదే వాడితే రజనంతా అడుగున కూరుకుపోయి ట్యాప్ విరుగుతుంది. అక్కడ డ్రిల్ బిట్ లాగా మెలి తిరిగిన గాడులున్న స్పైరల్ ఫ్లూట్ ట్యాప్ వాడాలి, అది రజనును పైకి లాగేస్తుంది. కాస్ట్ ఐరన్‌కూ ఇత్తడికీ రజను పొడిలా రాలుతుంది కాబట్టి నేరు గాడుల మామూలు ట్యాపే చాలు.

రజనే రాకుండా లోహాన్ని నొక్కి థ్రెడ్ తీసే ఫార్మింగ్ ట్యాపులు కూడా ఉన్నాయి. అల్యూమినియంలో వాటి థ్రెడ్ చాలా గట్టిగా వస్తుంది. హోలు మాత్రం పెద్దగా వేయాలి, ఎం6కు 5.0 బదులు 5.5 దగ్గర. చేతితో చేసే పని కాదిది, ప్రొడక్షన్ షాపులకే వదిలేద్దాం.

ఉక్కు రకం: డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

చవక సెట్ల మీద "అల్లాయ్ స్టీల్" అనో "టంగ్‌స్టన్ స్టీల్" అనో ఉంటుంది. ఎక్కువగా అది కార్బన్ స్టీలుకు దగ్గరి రకం. అల్యూమినియం, ఇత్తడి, మెత్తటి ఎంఎస్ (మైల్డ్ స్టీల్) మీద కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత అంచు మొద్దుబారుతుంది. మొద్దుబారిన ట్యాపుతో ఇబ్బందేంటంటే, మనకు తెలియకుండానే ఎక్కువ బలం పెడతాం, అప్పుడే విరుగుతుంది.

హెచ్‌ఎస్‌ఎస్ తీసుకుంటే మామూలు పనులన్నిటికీ సరిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మీద తరచూ పని ఉంటే కోబాల్ట్ కలిసిన హెచ్‌ఎస్‌ఎస్ఈ రకం అడగండి. 304 స్టెయిన్‌లెస్‌కు ఒక గుణం ఉంది. ట్యాప్ కోయకుండా ఒకేచోట రుద్దితే ఆ పొర అక్కడికక్కడే గట్టిపడుతుంది. అందుకే పదునైన ట్యాప్, ఆగకుండా తిప్పడం, ఎక్కువ ఆయిల్, కాస్త పెద్ద హోలు, ఈ నాలుగూ ఉండాలి.

మన దేశంలోనే తయారయ్యే మంచి ట్యాపులు ఉన్నాయి. టోటెమ్, అడిసన్, మిరండా, నాగపూర్‌లో తయారయ్యే ఎమ్‌కే, ఇవన్నీ వర్క్‌షాపులకు తెలిసిన పేర్లే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ టూల్స్ అమ్మే షాపులో విడిగా సైజు చెప్పి అడిగితే ఇస్తారు. కాడ మీద సైజు, పిచ్, హెచ్‌ఎస్‌ఎస్ అన్న మాట, 6హెచ్ అన్న టాలరెన్స్ (థ్రెడ్ బిగుతు తరగతి) స్పష్టంగా చెక్కి ఉన్నాయో లేదో చూడండి. స్టిక్కరు మీద మాత్రమే ఉండి కాడ ఖాళీగా ఉంటే వదిలేయండి.

డ్రిల్ బిట్ తప్పితే ట్యాప్ ఎంత మంచిదైనా దండగే

లెక్క తేలికే. బోల్టు సైజులోంచి పిచ్ తీసేస్తే హోలు సైజు వస్తుంది. ఎం5కు 4.2, ఎం6కు 5.0, ఎం8కు 6.8, ఎం10 మామూలు పిచ్‌కు 8.5, ఎం12కు 10.2. మామూలు డ్రిల్ సెట్లలో అర మిల్లీమీటరు తేడాతో బిట్లు ఉంటాయి కాబట్టి 4.2, 6.8, 10.2 విడిగా కొనుక్కోవాలి. 6.8 లేదని 6.5తో హోలు వేసి ఎం8 ట్యాప్ దింపడం వల్ల విరిగినన్ని ట్యాపులు ఇంకే కారణంతోనూ విరగవని నా నమ్మకం. హోలు కాస్త చిన్నదైతే థ్రెడ్ ఇంకా గట్టిగా ఉంటుందనుకుంటారు. థ్రెడ్ లోతు మూడొంతులు దాటాక బలం పెరిగేది స్వల్పం, ట్యాప్ మీద పడే భారం మాత్రం విపరీతం.

థ్రెడ్ పొడవు కూడా ముందే ఆలోచించండి. ఉక్కులో బోల్టు వ్యాసమంత పొడవు చాలు, కాస్ట్ ఐరన్‌లో ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంలో రెండు రెట్లు ఉండాలి. పలచటి షీటుకు థ్రెడ్ కొట్టి బరువు వేలాడదీయడం కుదరదు, వెనక నట్టు వెల్డ్ చేయించుకోండి.

ఉక్కుకు కటింగ్ ఆయిల్, అల్యూమినియానికి కిరోసిన్ లేదా డబ్ల్యూడీ-40, కాస్ట్ ఐరన్‌కు ఏమీ వద్దు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పితే రజను తెగుతుంది. ట్యాపును రెండు చేతుల హ్యాండిల్‌తోనే తిప్పాలి. ఒక వైపు స్పానర్ పెట్టి తిప్పితే ట్యాప్ పక్కకు వంగుతుంది. గట్టి ఉక్కు కాబట్టి వంపును ఓర్చుకోదు, పుటుక్కున తెగుతుంది. విరిగిన హెచ్‌ఎస్‌ఎస్ ట్యాపును మామూలు డ్రిల్‌తో తీయలేం. ఈడీఎం (విద్యుత్ స్పార్కులతో లోహాన్ని తొలిచే) మెషిన్ ఉన్న టూల్ రూముకు తీసుకెళ్లాల్సిందే, ఆ ఖర్చు ట్యాప్ ధరకు ఎన్నో రెట్లు.

పాడైన థ్రెడ్‌కు ఏది వాడాలి

ఇది చాలామంది కోసే ట్యాప్ పట్టుకునే చోటు. తుప్పు, పెయింటు, పౌడర్ కోటింగ్, ఎండిపోయిన లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పూసే జిగురు) అడ్డుపడ్డ హోలులో లోహం ఇంకా బాగానే ఉంటుంది. కోసే ట్యాప్ వేస్తే అడ్డుతోపాటు మంచి లోహాన్ని కూడా కాస్త తీసుకుపోతుంది. అద్దె ఇంటి గేటుకైతే ఫర్వాలేదు. ఇంజన్ హెడ్ బోల్టు హోలులో అది నష్టమే. అక్కడ థ్రెడ్ చేజర్ వాడాలి, అది వంగిన చుట్లను సర్దుతుంది గానీ కోయదు. చేజర్ దొరక్కపోతే అదే సైజు పాత బోల్టుకు పొడవునా హాక్సా బ్లేడుతో రెండు మూడు గాడులు పెట్టి, ఆయిల్ వేసి చేత్తో నెమ్మదిగా దించినా మామూలు మురికికి పని జరుగుతుంది.

థ్రెడ్ పూర్తిగా పోయినప్పుడు, ముఖ్యంగా అల్యూమినియం ఇంజన్ కేసింగుల్లో, రెండు దారులున్నాయి. ఒకటి పై సైజుకు వెళ్లడం: ఎం6 పోతే ఎం8. చుట్టూ లోహం దళసరిగా ఉండి, మీద కూర్చునే పార్టు హోలును కూడా పెద్దది చేసుకోగలిగితే ఇది చవక, గట్టిది కూడా. రెండోది తీగ ఇన్సర్ట్, మెకానిక్కులందరూ హెలికాయిల్ అనేది. దీనికి ప్రత్యేక ట్యాప్ కావాలి. ఎం6 ఇన్సర్టుకు 6.3 డ్రిల్, ఆ ఇన్సర్ట్ ట్యాప్, ఎక్కించే కాడ, ఈ మూడూ కిట్టులో కలిసే వస్తాయి. మామూలు ఎం7 ట్యాపో ఎం8 ట్యాపో దీనికి పనికిరాదు. సరిగ్గా కూర్చున్న స్టెయిన్‌లెస్ ఇన్సర్ట్ అల్యూమినియంలో అసలు థ్రెడ్ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, ఎందుకంటే బోల్టు ఇక ఉక్కు మీద రాసుకుంటుంది, మెత్తటి అల్యూమినియం మీద కాదు.

డ్రెయిన్ బోల్టు పోయినప్పుడు కొందరు కాస్త లావుగా ఉండి తనే థ్రెడ్ కోసుకుంటూ ఎక్కే బోల్టు వేసిస్తారు. ఆ రోజుకు ఆయిల్ కారడం ఆగుతుంది. ప్రతి ఆయిల్ మార్పుకూ విప్పి బిగించే బోల్టు అది, కాబట్టి నేను దాన్ని రిపేరు అనుకోను. అడిగి ఇన్సర్టే వేయించుకోండి.

డైలు: అవసరం తక్కువ, పొరపాట్లు ఎక్కువ

ట్యాపులతో పోలిస్తే ఇంట్లో డైల అవసరం తక్కువ. బోల్టు పాడైతే కొత్త బోల్టు కొన్ని రూపాయలకే వస్తుంది. అదీగాక ఫ్యాక్టరీ బోల్టు థ్రెడ్ కోసింది కాదు, రోలింగ్‌లో నొక్కి తీసింది. దాని మీద డై తిప్పితే ఆ బలం కొంత పోతుంది. తల మీద 8.8, 10.9 అని ఉన్న హైటెన్సైల్ బోల్టులను డైతో బాగుచేయకండి, మార్చేయండి. చక్రం స్టడ్లు, బ్రేకు కాలిపర్ బోల్టుల విషయంలో ఇంకో ఆలోచనే వద్దు.

డై పనికొచ్చేది రాడ్డుకు కొత్తగా థ్రెడ్ తీయాల్సినప్పుడు. చీలిక ఉన్న గుండ్రటి డై కొనండి. మధ్య స్క్రూ బిగిస్తే డై కాస్త తెరుచుకుంటుంది, పక్క స్క్రూలు బిగిస్తే మూసుకుంటుంది. మొదటి కోత తెరిచి వేసి, నట్టు ఎక్కించి చూసి, బిగుతుగా ఉంటే మూసి ఇంకోసారి తిప్పాలి. రాడ్డు కొస ఏటవాలుగా సాన పట్టాలి, రాడ్డు కూడా సైజు కంటే పదో వంతు మిల్లీమీటరు సన్నగా ఉంటే మేలు: ఎం8కు 7.9. ఆరు పలకల డై నట్టు కొత్త థ్రెడ్‌కు కాదు, పాతది శుభ్రం చేయడానికి. ఇరుకు చోట స్పానర్‌తో తిప్పుకోవచ్చు, బండికి బిగించి ఉన్న స్టడ్ల మీద అదే ఉపయోగం.

డై కొనేటప్పుడు దాని బయటి వ్యాసం, మీ హ్యాండిల్ గూడు ఒకటేనో కాదో చూడండి. మెట్రిక్ కొలతలో 25 మి.మీ. డైలు ఉన్నాయి, అంగుళం కొలతలో 25.4వీ ఉన్నాయి. కంటికి తేడా కనిపించదు, గూట్లో మాత్రం ఒకటి ఎక్కదు, ఇంకొకటి ఊగుతుంది.

ఫ్యాబ్రికేషన్ వాళ్లకు ఒక మాట. టీఎంటీ రాడ్డు కొస గుండ్రంగా సాన పట్టి, డై కొట్టి ఫౌండేషన్ బోల్టు చేయడం చాలాచోట్ల జరుగుతోంది. టీఎంటీ బలం ఎక్కువగా ఆ గట్టి బయటి పొరలోనే ఉంది, మీరు కోసి పారేసేది సరిగ్గా దాన్నే. ఆ గట్టి పొర మీద డై పళ్లు కూడా పాడవుతాయి. నున్నటి ఎంఎస్ రాడ్డు వాడండి, లేదా రెడీమేడ్ ఫౌండేషన్ బోల్టు తీసుకోండి.

పైపు థ్రెడ్ పూర్తిగా వేరు

అరంగుళం జీఐ పైపు థ్రెడ్ బయటి కొలత అరంగుళం కాదు, దాదాపు 21 మి.మీ. అంగుళానికి 14 చుట్లు. అంగుళం పైపుకు 33 మి.మీ. పైచిలుకు, 11 చుట్లు. ఇది బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు థ్రెడ్), మన నీళ్ల పైపులన్నిటికీ ఇదే. అమెరికన్ పద్ధతిలో వచ్చే ప్రెషర్ గేజ్‌లు, వాల్వులకు ఎన్‌పీటీ ఉంటుంది. అరంగుళంలో దానికీ 14 చుట్లే గానీ కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55. రెండూ కలిపితే టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా నీళ్లు కారుతూనే ఉంటాయి.

పైపు డై సెట్టు ఖరీదైనది, బరువైనది. ఇల్లు కట్టుకునేవాళ్లు కొనాల్సిన పనిలేదు, ప్లంబర్ దగ్గర రాచెట్ డై ఉంటుంది. వారానికి రెండు మూడు పైపులైనా కోసే ప్లంబర్ మాత్రం పళ్లు మార్చుకోవడానికి వీలుండే సెట్టు కొనాలి, పళ్లు అరిగాక సెట్టంతా పారేయకుండా ఉండేందుకు.

ఎవరు ఏది కొనాలి

సొంత బైకు, స్కూటరు చూసుకునేవాళ్లకు: ఎం6, ఎం8 మామూలు పిచ్ సెట్లు, ఎం10 × 1.25 ఒకటి, ఎం6 ఇన్సర్ట్ కిట్టు, 5.0, 6.8 డ్రిల్ బిట్లు, 1.25 ఎం10కు 8.8 బిట్. డైలు వద్దు. ప్లగ్ థ్రెడ్ పోయిందంటే ఇంజన్ హెడ్ దించి మంచి లేత్ షాపుకు ఇవ్వండి. రజను సిలిండర్‌లో పడితే చేతికొచ్చే బిల్లు వేరే.

వ్యవసాయ పనిముట్లు, పంపులు చూసుకునే రైతులకు ఎం8, ఎం10 × 1.5, ఎం12 సెట్లు, ఎం10, ఎం12 డైలు, గట్టి హ్యాండిల్. మీ ట్రాక్టర్ అంగుళాల థ్రెడ్డుదైతే మెట్రిక్ సెట్లు కొనే ముందు దాని బోల్టులు నాలుగు కొలిచి చూడండి.

ఫ్యాబ్రికేషన్ షాపుకు ఎం8, ఎం10 గన్ ట్యాపులు, ఒక్కోటి రెండేసి. ఒకటి వాడుకలో, ఒకటి పక్కన. మొద్దుబారిందనిపించిన రోజే మార్చేయాలి. ఐటీఐ ఫిట్టర్ విద్యార్థులు ఎం6, ఎం8 సీరియల్ సెట్లు రెండు కొనుక్కుని ఎంఎస్ పలక మీద సాధన చేస్తే, చేతికి ఆ బరువు అలవాటవుతుంది.

గ్యాస్ సిలిండర్ వాల్వు థ్రెడ్, వెల్డింగ్ గ్యాస్ రెగ్యులేటర్ థ్రెడ్ మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. ఎసిటిలిన్ ఫిట్టింగులకు కావాలనే ఎడమ థ్రెడ్ పెట్టారు, ఆక్సిజన్ ఫిట్టింగుతో కలవకుండా. అవి పాడైతే ట్యాప్, డై తీయకుండా సిలిండరును వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించుకోండి.